గుండ్రమని ఎవడు చెప్పిండు?

మా సార్ పోయారని జడ్చర్ల నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను నమ్మలేదు. ఫోన్ చేసినవాడు డిగ్రీలో నాతో చదివినవాడే. ఇప్పుడు అక్కడ ఎరువుల దుకాణం నడుపుతున్నాడు. నీకెవరు చెప్పారు అన్నాను. వాళ్ళకెవరు చెప్పారు అన్నాను. నువ్వు కళ్ళారా చూశావా అన్నాను. వాడు, "నువ్వు గూడ గా సార్ లెక్కనే అడుగుతున్నవేందే? నిన్న మాపటికే మట్టి గూడ చేసిన్రు. నేను ఆడనే ఉన్న," అన్నాడు. అప్పుడు నమ్మాను. ఫోన్ పెట్టేసి, మా ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

ఆయన్ని మీకు ఎలా పరిచయం చెయ్యాలో తెలియడం లేదు. పుస్తకాలు రాయలేదు, శాలువాలు కప్పించుకోలేదు. మహబూబ్‌నగర్‌లో ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పారు, రిటైరయ్యారు, పోయారు. గొప్పవారని రాద్దామంటే, ఆ మాటను అందరికంటే ముందు అనుమానించేది ఆయనే.

అనుమానించడమే ఆయన పని. బస్టాండులో జడ్చర్ల అని బోర్డు పెట్టుకుని నిలబడ్డ బస్సు దగ్గరికి పోయి, "జడ్చర్లనేనా?" అని కండక్టర్ని అడిగేవారు. ఎక్కాక పక్కన కూర్చున్నవాళ్ళని అడిగేవారు. బస్సు కదిలాక డ్రైవర్ని అడిగేవారు. "బోర్డు కండ్లవడ్తలేదా సారూ?" అని కండక్టర్ విసుక్కుంటే, "బోర్డు రాసినోడు బస్సు నడపడు గదా బాబూ," అనేవారు. చేతికి గడియారం ఉండగానే దారినపోయేవాళ్ళని టైమడిగేవారు. ఆయన భార్యను మేమంతా ఉర్దూలో అక్క అన్నట్టు ఆపా అని పిలిచేవాళ్ళం. పప్పులో ఉప్పేశానని ఆపా చెబితే నమ్మక, గరిటె ముంచి చూసుకునేవారు. "ఇన్నేండ్ల సంది వండి పెడ్తున్న, ఇంకా షక్కేనా నా మీద?" అని ఆపా అరిచేది. "నీ మీద షక్కు లేదు. ఉప్పు నీ మాట వింటదని ఏముంది?" అని ఈయన.

కాలేజీలో ఆయనకు షక్ సార్ అని పేరు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. అనుమానం పెనుభూతం కదా సార్ అని ఎవడో వెనక బెంచీలోంచి అంటే, "భూతమే. గానీ పహారా కాస్తది. నమ్మకం ఉన్నోడు నిద్రపోతడు," అన్నారు. ఒక్క మాట మాత్రం చెప్పాలి. ఆయన తనను తాను కూడా వదిలిపెట్టేవారు కాదు. బోర్డు నిండా లెక్క చేసి, జవాబు వచ్చాక, చాక్‌పీసు చేతిలో పెట్టుకుని కింది గీత నుంచి పైకి మళ్ళీ చూసుకుంటూ పోయేవారు, దొంగను వెతికే పోలీసులా. దొరికితే సంబరం. "దొరికిండు చూడు! నేనే!" అనేవారు.

నేను కోస్గి పిల్లను. మా నాయిన అక్కడ పశువుల దవాఖానలో అటెండరు. మా తాతలు ఇతరుల చెలకల్లో జీతమున్నవాళ్ళు. మా ఇంట్లో సర్కారు కొలువు చేసిన మొదటి మనిషి మా నాయిన, కాలేజీ గుమ్మం తొక్కిన మొదటి మనిషిని నేను. ఆదివారం చర్చికి పోయే ఇల్లు మాది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఇది తెలియకపోతే ఆ మొదటి పరీక్షనాడు నాకెందుకంత మండిందో మీకు అర్థం కాదు.

ఎనభైల నడుమ మాట. మొదటి పరీక్షలో నాకే ఎక్కువ మార్కులు వచ్చాయి. సార్ నా పేపర్ పట్టుకుని నా వంక చూశారు, పేపర్ వంక చూశారు.

"ఇది నువ్వే చేసినవా?"

"నేనే సార్."

"వచ్చి బోర్డు మీద మళ్ళ చెయ్యి."

క్లాసంతా కిసుక్కున నవ్వింది. పోయి చేశాను. ఆయన చూశారు, డస్టర్ తీసుకుని తుడిపేశారు. "ఇంకో తీరుగ చెయ్యి," అన్నారు. ఇంకో తీరుగా చేశాను. "కూసో," అన్నారు. అంతే. శభాష్ లేదు, ఏమీ లేదు. నా తరవాత మార్కులు వచ్చినవాడు ఒక వకీలుగారి అబ్బాయి. వాణ్ణి మాత్రం ఆరోజు బోర్డు దగ్గరికి పిలవలేదు.

హాస్టల్‌కి పోయి అన్నం ముట్టలేదు. ఆ చూపు మావాళ్ళకు కొత్త కాదు. దుకాణంలో సరుకు చేత్తో తాకితే చూసే చూపు అది. తరవాత తరవాత ఆయన అందరినీ బోర్డు దగ్గరికి పిలిచి అలాగే పీక్కుతిన్నారు, వకీలు కొడుకును కూడా. కానీ మొదటిరోజు పిలిచింది నన్నొక్కదాన్నే. ఈయన అనుమానిస్తున్నది లెక్కనా, లేక నన్నా? ఆ ప్రశ్న ఆరోజు నాలో పడింది. ఆయన బతికున్నంతకాలం పోలేదు.

కొన్నాళ్ళకు, ఆదివారాలు ఇంటికి రా, సిలబస్‌లో లేనివి చెబుతానన్నారు. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న పాత విదేశీ సైన్సు పత్రికలు ఆయన ఇంట్లో కట్టలు కట్టలుగా ఉండేవి. మా నాయినకు ఈ మాట చెబితే, ఆయన అనుమానం ఆయనది. "ఒక్క ఆడిపిల్లను ఇంటికెందుకు రమ్మంటున్నడు?" అని, చర్చి అయిపోగానే కోస్గిలో బస్సెక్కి వచ్చి నాతోపాటు బయల్దేరాడు. వరండాలో ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. ఆపా అందరికీ చాయ్ తెచ్చింది. మా నాయిన కప్పు చేతిలోకి తీసుకుని తాగకుండా అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. సార్ చేతిలోని కప్పు చూశాడు, తన కప్పు చూశాడు. రెండూ ఒకటే రకం.

"ఏం చూస్తున్నవన్నా, ఈగ పడ్డదా?" అంది ఆపా.

"లేదమ్మా," అని మా నాయిన గబుక్కున తాగి నాలుక కాల్చుకున్నాడు.

ఆరోజు సార్ నాకు పాఠం చెప్పలేదు. మా నాయిన్ని ప్రశ్నలడిగారు.

"ఊరంటే ఏందన్నా?"

"ఇండ్లు, సారూ."

"ఇండ్లేనా? కోస్గి శివారు ఏడిదాంక ఉంటది?"

"అబ్బో, శానా దూరం. చెలకలు, గుట్టలు, పడావు భూములు, అన్ని దాంట్లకే వస్తయి."

"విన్నవా పిల్లా? చీకటిపడ్డంక దూరంకెళ్ళి చూస్తే దీపాలే కండ్లవడ్తయి. దీపాలున్నంతే ఊరనుకుంటం. శివారు కండ్లవడదు. నక్షత్రాల గుంపులు గూడ గంతేనంటున్నరు." చేతులు తిప్పుతూ చెప్పారు. ఒక గెలాక్సీలో అంచున తిరిగే నక్షత్రాలు నిదానంగా తిరగాలి. తిరగడం లేదు. లోపలివాటంత జోరుగానే తిరుగుతున్నాయి. ఆ జోరుకు ఎగిరిపోవాలి. పోవడం లేదు. అంటే కంటికి కనిపించని బరువేదో చుట్టూ ఉండి వాటిని పట్టుకుంది.

మా నాయిన గొంతు సవరించుకున్నాడు. "కండ్లవడనిదాన్ని చర్చిల మేం నమ్ముతం సారూ. మీరు గూడ నమ్ముతున్నరా?"

"నమ్ముతలేనన్నా. అనుమానిస్తున్న," అన్నారు సార్.

తిరిగి బస్టాండుకు నడుస్తుంటే మా నాయిన, "మనిషి మంచోడే బిడ్డా. జర తిక్క," అని తేల్చాడు. అయినా మళ్ళీ ఆదివారం వచ్చాడు. ఆ పై ఆదివారం కూడా వచ్చాడు. అనుమానంతోనో, చాయ్ కోసమో నాకు తెలియదు.

ఆ కనిపించని బరువును ఇంగ్లీషువాళ్ళు హేలో అంటారు. సార్‌కు ఆ పేరంటేనే పడదు. "హేలో అంటే ఏంది? చందమామ చుట్టు కట్టే వరదగుడి. వరదగుడి గుండ్రంగ ఉంటది. పేరు గది పెట్టిన్రు గాబట్టి దీన్ని గూడ గుండ్రమనుకుంటున్నరు. పేరు పెట్టినంక చూసుడు బంద్ చేస్తరు మనుషులు," అనేవారు. అప్పట్లో నాకు నవ్వొచ్చేది. వరదగుడి దూరంగా కడితే దగ్గర్లో వాన అంటారు మా దిక్కు. వానే సరిగ్గా పడని ఊళ్ళలో పుట్టి, చుక్కల శివార్ల గురించి ఈ పట్టింపేమిటి అనుకునేదాన్ని. ఆ పట్టింపే నాకూ అంటుకుందని ఎమ్మెస్సీలో చేరాక తెలిసింది.

తొంభైలు వచ్చాయి. హైదరాబాదులో ఒక పరిశోధన సంస్థలో నాకు సీటు దొరికింది. కోరి మరీ ఆ శివార్ల పనే తీసుకున్నాను. కంప్యూటర్లో ఆ కనిపించని బరువును వేల చుక్కలుగా పోస్తాం. ఒకదాన్నొకటి లాక్కునేలా లెక్క కడతాం. అవి ఎలా గుంపులు కడతాయో, ఆ గుంపులు ఏ ఆకారంలో ఉంటాయో చూస్తాం. నా లెక్కలో అవి ఇంచుమించు గుండ్రంగా వచ్చాయి. మా గైడు సంతోషపడ్డారు. కొద్దిరోజుల్లో పెద్దల కమిటీ ముందు చెప్పాలి. వాళ్ళు సరేనంటే ఫెలోషిప్ నిలుస్తుంది, కాదంటే సామాను సర్దుకుని కోస్గికి. మా నాయిన అప్పటికే చర్చిలో నా పేరు మీద ప్రార్థన చేయించాడు. ఓడిపోయి ఆ ఊళ్ళో బస్సు దిగడం నావల్ల అయ్యే పని కాదు.

కమిటీకి ముందు, సార్‌కు చెప్పి శభాష్ అనిపించుకుందామని మహబూబ్‌నగర్ పోయాను. ఎండాకాలం. వరండాలో గోనెసంచి పరిచి ఆపా జొన్నలు ఎండబోసింది. సార్ పక్కన కూర్చుని, పిచ్చుకల్ని తోలుతున్నారు.

"ఏం తేలింది?"

"గుండ్రంగానే ఉన్నాయి సార్."

"గుండ్రమని ఎవడు చెప్పిండు?"

"నా లెక్క చెప్పింది."

"నీ లెక్కకు ఎవడు చెప్పిండు?"

నాకు లోపల చిరాకు మొదలైంది. ఆయన ఆగలేదు. "ఒక గుంపు ఏడికి ఒడుస్తదో ఎట్ల తెలుస్తది నీకు?"

"ఎక్కడా ముగిసిపోదు సార్. పలచబడుతూ పోతుంది. అందుకని, విశ్వం సగటు సాంద్రతకు రెండు వందల రెట్లు ఉన్నంతవరకూ గుంపు అనుకుంటాం. అక్కడ గీత గీస్తాం."

"ఎవరు గీస్తరు?"

"అందరూ."

"అందరంటే?"

ఆయనే చెప్పుకుపోయారు. ఆయనది ఆత్మకూర్ దిక్కున కృష్ణ ఒడ్డు ఊరు. అక్కడ బొడ్రాయి పండగ చేసినప్పుడు, ఊరి నడుమ రాయికి పూజ చేసి, నెత్తురన్నం చల్లుకుంటూ పొలిమేర చుట్టూ నడుస్తారు. దాన్ని పొలి అంటారు. ఆ లోపలికి బయటివాళ్ళు రాకూడదు, లోపలివాళ్ళు పోకూడదు. "పండుగ పండుగకు గా గీత జరుగుతది పిల్లా. పొలి చల్లెటోళ్ళకు కాళ్ళు గుంజిన కాడ హద్దు అయితది. పక్కూరోళ్ళు వచ్చి, మా భూమిల చల్లిన్రని కొట్లాడుతరు. హద్దు భూమిల లేదు. నడిచెటోని కాళ్ళల్ల ఉంది. మీ రెండు వందలు గూడ గట్లనే. తప్పంటలే. ఎక్కడో ఓ కాడ ఆగాలె. గానీ ఆగింది మీరే, అది ఆగలే. యాది పెట్టుకో."

"సరే సార్. పెట్టుకుంటాను."

"ఇప్పుడు చెప్పు. గా గీత ఏ తీరుగ గీస్తవు?"

"మధ్యలోంచి చుట్టూ సమానంగా. బంతిలాగా."

ఆయన పిచ్చుకల్ని తోలడం మానేశారు. "ఏయ్, నీ గాజు ఒకటి ఇయ్యి," అని లోపలికి కేకేశారు.

"ఎందుకు? పలగ్గొడ్తవా?" అంది ఆపా లోపలినుంచే.

"పలగ్గొట్ట. ఇయ్యి."

ఆపా నమ్మలేదు. తానే గాజు పట్టుకుని వచ్చి, పక్కనే నిలబడింది. సార్ రెండు చేతులతో జొన్నల్ని దగ్గరికి లాగి, పొడుగ్గా చెరువుకట్టలా పోశారు. దాని నడుమ గాజు పెట్టారు. గాజుకు బయటున్న గింజల్ని అరచేత్తో అవతలికి ఊడ్చేశారు.

"చూడు. లోపల ఉన్నయి ఏ తీరుగ ఉన్నయి?"

"గాజు తీరుగ."

"మరి నేను పోసినప్పుడు జొన్నలు ఏ తీరుగ ఉండె?"

నేను చేసిందీ అదే. బంతిలా గీత గీసి, లోపలున్నవి బంతిలా ఉన్నాయని సంబరపడ్డాను. కానీ ఒప్పుకోబుద్ధి కాలేదు. "అందరూ ఇట్లనే చేస్తున్నారు సార్," అన్నాను గట్టిగా. "అందరంటే?" అన్నారు మళ్ళీ. లేచి వచ్చేశాను. బస్సులో కూర్చుని, ఇదే లెక్క వకీలు కొడుకు తెస్తే గాజు పెట్టి చూసేవారా అని పళ్ళు నూరుకున్నాను. గాజు మాత్రం కళ్ళ ముందునుంచి పోలేదు.

కమిటీని కొద్దివారాలు వాయిదా అడిగాను. మా గైడు చెడ్డవారు కాదు, కానీ భయపడ్డారు. "అందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు చేస్తున్నావమ్మా. నీకింకా పేరు లేదు. పేరులేనివాళ్ళు లోకం మాటను కాదంటే, లోకం వాళ్ళనే అనుమానిస్తుంది," అన్నారు. ఆ మాట నాకు కొత్తగా చెప్పక్కర్లేదు. కూర్చుని లెక్క తిరగ వేశాను. మొదట బంతిలా గీస్తాను. లోపలున్నవి ఎటు సాగి ఉన్నాయో చూస్తాను. గీతను అటే సాగదీసి మళ్ళీ చూస్తాను. గీతా గుంపూ ఒకే ఆకారానికి వచ్చేదాకా అదే పని. చివరికి గుంపులు గుండ్రంగా లేవు. బుడమకాయల్లా కోలగా సాగి ఉన్నాయి. పైదేశాల్లో ఇంకొందరు అప్పటికే ఈ దారిలో ఉన్నారని తరవాత తెలిసింది. ఆ గదిలో కూర్చుని చూసినప్పుడు మాత్రం ఒళ్ళు జల్లుమంది.

కమిటీలో ఒక పెద్దాయన కళ్ళద్దాల పైనుంచి చూసి, "నీ ఫలితాన్ని నువ్వు నమ్ముతున్నావా?" అని అడిగారు.

"నమ్మడం లేదండీ. పడగొట్టాలని అన్ని రకాలా చూశాను. ఇంకా పడలేదు," అన్నాను.

ఆ మాట నాదో, మా సార్‌దో నాకే తెలియలేదు. సీటు నిలిచింది. మా నాయిన కోస్గిలో చర్చి మొత్తానికి చాయ్ పోయించాడు.

ఇక ఇప్పుడైనా నమ్ముతారని ఎగురుకుంటూ మహబూబ్‌నగర్ పోయాను. సార్ అంతా విన్నారు. మధ్యలో ఒక్కసారీ అడ్డం రాలేదు. నేను ముగించాక, "గింజలు ఎన్ని పోసినవ్? తక్కువ పోస్తే ఉత్తగనే కోలగ కండ్లవడ్తది," అన్నారు.

నాకు ఏడుపొచ్చింది. "సార్, నన్ను ఒక్కసారన్నా నమ్మరా మీరు?" అన్నాను. నా గొంతు అంతకుముందు ఎప్పుడూ ఆయన దగ్గర అలా లేవలేదు.

ఆయన నా మొహం వంక చూశారు. ఏదో అనబోయారు. పెదవి కదిలింది కూడా. తరవాత, "బస్సు టైమైతాంది. కనుక్కొని పో," అన్నారు.

ఆ తరవాత కూడా పోయేదాన్ని, పండక్కో పబ్బానికో. పని ఎలా సాగుతోందంటే బాగానే ఉంది సార్ అనేదాన్ని. గుంపుల ఊసు ఎత్తేదాన్ని కాదు. గింజలు మాత్రం ఎక్కువ పోసి చూశాను. కోలగానే ఉన్నాయి. ఆ మాట ఆపాకు చెప్పాను, ఆయన లోపలి గదిలో ఉండగా, ఆయనకు వినబడేలా.

ఫోన్ వచ్చిన మర్నాడు పోయాను. ఆపా గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను పట్టుకుని ఏడ్చి, ఏడుస్తూనే నవ్వింది. "దవాఖానల గుండెకు మెషిన్ పెడ్తే, 'మొదలు గా కాంపౌండర్‌కు పెట్టు, మంచిగున్నోనికి ఏం చూపిస్తదో చూస్త' అన్నడు బేటీ. డాక్టర్ నవ్విండు. ఈయన నవ్వలే."

వరండాలో చాప మీద కొందరు పిల్లలు కూర్చుని ఉన్నారు. రిటైరయ్యాక కూడా ఆయన ఇంట్లో పాఠాలు చెబుతూనే ఉన్నారని అప్పుడే తెలిసింది. వాళ్ళలో ఒక అమ్మాయి లేచి నా దగ్గరికి వచ్చింది. మక్తల్ దిక్కు పిల్లట. చున్నీ నడుముకు బిగించి కట్టుకుంది.

"గా బుడమకాయల మేడం మీరేనా?"

"ఎవరు చెప్పారు నీకు?"

"సార్ చెప్పిన్రు. చుక్కల చుట్టు ఉండే కండ్లవడని బరువు గుండ్రంగ ఉండదు, కోలగ ఉంటదన్నరు. మీరు చూసిన్రా సార్ అన్న. చూడలే అన్నరు. లెక్క చేసిన్రా అన్న. చెయ్యలే అన్నరు. మరి ఎట్ల నమ్మిన్రు, ఎవ్వర్ని నమ్మొద్దని మీరే చెప్తిరి గద అన్న. కోపం జేసిన్రు మేడం నా మీద."

"ఏమన్నారు?"

"'గా పిల్ల కొలిచింది. గామె కొలిచినంక నేను మళ్ళ కొలువ,' అన్నరు. గంతే. మళ్ళ ఆ ముచ్చట ఎత్తనియ్యలే."

ఆపా నా వీపు మీద చెయ్యి వేసింది. సార్ చచ్చిపోయారన్న మాట నాకు అప్పుడు నిజంగా తెలిసింది. ఇక పోయి అడగడానికి, కోపం చేసుకోవడానికి ఎవరూ లేరు. గట్టిగా ఏడ్చాను. అందరూ చూస్తున్నారని కూడా చూసుకోలేదు.

ఆ అమ్మాయి కదల్లేదు. ఓదార్చలేదు. నా ఎదురుగా చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"ఏమనుకోకుండ్రి మేడం," అంది. "సార్ అన్నరు గానీ నాకైతే నమ్మబుద్ధి అయితలే. మీరు ఎట్ల కొలిచిన్రో జర చెప్తరా?"

కళ్ళు తుడుచుకునేదాకా ఆగింది. కనుబొమలు దగ్గరికి లాగి, నా నోటి వంకే చూస్తూ.